సంతాననిరోధ శస్త్రచికిత్స: గృహస్థుల ధర్మము

(తుళ్లూరున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందలి యుపన్యాసము)



ఇట్టి మహాసభలయందు విద్యను గూర్చియు, వివాహ వ్యయములను గూర్చియు, సంఘనిధిని గూర్చియు ముచ్చటించుట మన యాచారము. ఈ పర్యాయము కార్యవర్గమువారు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని మమ్ము కోరిరి. విషయము వినినంతనే కొందరు పెద్దలు ఇది నలుగురిలో చెప్పదగిన మాటయేనా యని సంశయించిరి. వారి సంకోచమును మేము గౌరవింతుము. కాని మన రాష్ట్రమున వివాహితలు పదుగురున్నచో ఏడుగురి కడుపుపై నున్న గాటును గూర్చి సభలో మాటాడరాదనుట యెట్లు? కట్నమును గూర్చి మాటాడుట సిగ్గు కానప్పుడు, కోడలి ప్రాణమును గూర్చి మాటాడుట సిగ్గు కానేరదు. కావున మర్యాద దాటక, దాపరికము లేక, మాకు తెలిసినంతవరకు విన్నవించెదము.

ముందుగా లెక్కలు చెప్పుదుము. కేంద్ర ప్రభుత్వమువారి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవది 2019-21 సంవత్సరములలో జరిగినది. దాని ప్రకారము ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల వివాహితలలో నూటికి సుమారు 70 మంది ట్యూబెక్టమీ చేయించుకొన్నవారు. దేశమంతటిని కలిపి చూచినచో నూటికి 38 మంది మాత్రమే. ఆ సర్వేలో మరి యే రాష్ట్రమునను ఇంత హెచ్చు సంఖ్య కానరాలేదు. పురుషుల వేసెక్టమీ యన్ననో మన రాష్ట్రమున నూటికి ఒకటియు నిండలేదు. మాత్రలు, లూపు, నిరోధ్ మొదలగు తాత్కాలిక సాధనములన్నియు కలిపినను నూటికి రెండు నిండలేదు. అనగా కుటుంబ నియంత్రణమన్న మాటకు మనలో నొక్కటే యర్థము మిగిలినది: స్త్రీకి ఆపరేషను. రెండవ యర్థమును మనము నేర్వనేలేదు.

ఈ చికిత్సవలన కలిగిన మేలును మరచుట కృతఘ్నత యగును. మన ముత్తవ్వల నాడు ఏడెనిమిది కాన్పులు సామాన్యము. అందులో ఇద్దరు ముగ్గురు బిడ్డలు చేతికంది రాకపోవుటయు, ఆరవ కాన్పుననో యేడవ కాన్పుననో తల్లియే రక్తము చాలక పోవుటయు ప్రతి వంశమునను వినవచ్చు కథయే. 1952వ సంవత్సరమున భారతదేశము ప్రపంచమున మొట్టమొదటగా కుటుంబ నియంత్రణమును ప్రభుత్వ కార్యక్రమముగా చేపట్టినది. మన రాష్ట్రమున 1992-93 సర్వేనాటికి స్త్రీకి సగటున 2.6 మంది బిడ్డలు. 2019-21 నాటికి 1.7. చదువు బాగుగా వ్యాపించిననే గాని సంతానము తగ్గదని పండితులు చెప్పుచుండిరి. మన తల్లులు ఆ మాటను కాదనిపించిరి. 2001 జనాభా లెక్కలలో రాష్ట్ర స్త్రీలలో అక్షరాస్యులు సగము మాత్రమే. అక్షరము రాకున్నను, ఉన్న యిద్దరు బిడ్డలనైన బడికి పంపవలెనన్న పట్టుదలతో పత్తి చేలలోనుండియు మిరప కల్లములనుండియు లేచి వచ్చి ఆస్పత్రి బల్ల యెక్కిన తల్లులే ఈ మార్పును తెచ్చిరి. నేడు మన పిల్లలు ఇంజనీరింగు చదువుచున్నారన్నను, విదేశములకు పోవుచున్నారన్నను, ఆ పునాదిలో వారి నెత్తురు కలదు.

ఇక ఈ చికిత్స యెట్టిదో తెలియవలెను. గర్భాశయమునకు ఇరుప్రక్కల అండవాహికలను రెండు సన్నని గొట్టములు కలవు. నెలకొకమారు అండాశయమునుండి వెలువడు అండము ఈ గొట్టములోనే పురుషబీజమును కలియును. వైద్యులు పొత్తికడుపున చిన్న గాటు పెట్టి, ఆ గొట్టమును ముడివైచి కొంతభాగము కత్తిరింతురు. దీనిని మినీల్యాప్ అందురు. ఇందు నేటికిని హెచ్చుగా వాడుకలోనున్న పద్ధతి అమెరికా దేశపు వైద్యుడు పొమరాయ్ గారిది. అది ఆయన మరణానంతరము 1930లో ప్రకటింపబడినది. మరియొక పద్ధతిలో దీపముతో కూడిన సన్నని గొట్టమును కడుపులోనికి పంపి, చూచుచు, అండవాహికకు చిన్న వలయము తొడుగుదురు. మన పల్లెలలో డి.పి.ఎల్. అని పిలుచునది ఇదియే.

ఈ రెండింటిలోను గర్భాశయమును తీయరు, అండాశయములను తీయరు. బహిష్టు యథాప్రకారము వచ్చుచుండును. లోపల చెడునెత్తురు నిలిచిపోవుననుట గాని, గర్భసంచి కుళ్లుననుట గాని నిజము కాదు. ఈ యపోహను మీరు బాగుగా గుర్తుంచుకొనవలెను. దీనివలన జరుగు నష్టమును ముందు చెప్పుదుము.

ఇది శాశ్వతమైనది. మరల గొట్టములను కలుపు శస్త్రచికిత్స లేకపోలేదు గాని, అది వ్యయముతో కూడినది, ఫలము నిశ్చయము కాదు. 2004 డిసెంబరు 26వ తేదీ సునామీలో తమిళనాడు తీరమున బిడ్డలను కోల్పోయిన తల్లులలో అనేకులు అప్పటికే ఆపరేషను చేయించుకొన్నవారు. వారికి మరల గొట్టములు కలిపించుటకై ఆ ప్రభుత్వము వ్యయము భరింపవలసి వచ్చినది. బిడ్డకు బిడ్డ బదులు కాదు. అయినను ఒడి ఖాళీయైన తల్లికి తలుపు మూసియుండుట యెంతటి దుఃఖమో చెప్పనేల? అమెరికా దేశమున వేలకొలది స్త్రీలను పదునాలుగేండ్లవరకు విచారించి 1999లో ప్రకటించిన పరిశోధనయందు, ముప్పదియేండ్లు లేక అంతకు తక్కువ వయస్సున ఈ చికిత్స చేయించుకొన్నవారిలో నూటికి 20 మంది తరువాత పశ్చాత్తాపపడిరనియు, ముప్పది దాటినవారిలో అట్టివారు ఆరుగురేయనియు తేలినది. చిన్న వయస్సు పెద్ద నిర్ణయమునకు తగదని దాని సారము.

శాశ్వతమైనను పూర్ణముగా తప్పనిది కాదు. ఆ పరిశోధనలో భాగముగా 1996లో ప్రకటింపబడిన లెక్క ప్రకారము, పదేండ్లలో వేయిమందికి సుమారు 18 మంది గర్భవతులైరి. అందులో మూడవ వంతువరకు గర్భాశయమునగాక గొట్టమునందే నిలిచిన గర్భములు. అది ప్రాణాపాయకరము. కావున ఆపరేషనైన స్త్రీకి నెల తప్పినను, కడుపులో ఒకప్రక్క తీవ్రమైన నొప్పి వచ్చినను, ‘ఆపరేషనైనది గదా, ఏమియు కాదు’ అని యింట కూర్చుండక తక్షణమే వైద్యుని చూపవలెను. అట్టి స్త్రీ గర్భవతియైనచో ఆమె నడతను శంకించు మూర్ఖులు కొందరు కలరు. వారు ఈ లెక్కను వినవలెను.

మహాశయులారా! మన రాష్ట్రమున ఈ చికిత్స చేయించుకొన్నవారిలో సగమునకు మించినవారు 25 ఏండ్లు నిండకమునుపే చేయించుకొన్నవారు. దీనికి కారణము వైద్యశాలలో లేదు, మన పెండ్లిపందిళ్లలో నున్నది. 2019-21 సర్వేలో 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పదునెనిమిదేండ్లు నిండకయే వివాహమైనట్లు తేలినది. పదునేడేండ్లకు పెండ్లి, పందొమ్మిదింట ఒక కాన్పు, ఇరువదియొకటింట రెండవ కాన్పు, ఇరువదిరెండింట ఆపరేషను. చదువు ముగియవలసిన యీడున సంతానమే ముగియుచున్నది. రెండు కాన్పుల నడుమ ఎడముండుటకు మాత్రయో లూపో వాడవచ్చునని ఆ పిల్లకు చెప్పినవారు లేరు. తల్లి దేహము తేరుకొనక మునుపే రెండవ బిడ్డ, ఆ వెనుకనే కత్తి.

మరి యీ నిర్ణయము చేయువారెవరు? మేము ఎరిగిన కుటుంబములలో హెచ్చుభాగము అత్తగారు నిర్ణయింతురు, మామగారు తల యూపుదురు, భర్త వాహనము మాటాడును, కోడలు సంతకము చేయును. రెండవ కాన్పు నొప్పులు వచ్చుచుండగా ‘పనిలో పనిగా అదియు చేయించివేయుదము’ అను మాట మన గడపలలో కొత్తది కాదు. ఈ తుళ్లూరు సీమవారికి మేమొక్క మాట గుర్తుచేయుదుము. 2014 తుదిని, 2015లోను రాజధానికై భూసమీకరణము జరిగినపుడు అంగీకారపత్రముపై సంతకము చేయుటకు ఎన్ని దినములు ఆలోచించితిరి? ప్లీడరును అడిగితిరి, కరణికము తెలిసినవారిని అడిగితిరి, అన్నదమ్ములు కూర్చుండి రాత్రులు చర్చించితిరి. సెంటు భూమికి అంత విచారణ చేసినవారము, ఆడబిడ్డ దేహమునకు సంబంధించిన అంగీకారపత్రమును చదివి వినిపించుటకైనను తీరిక లేనివారమైతిమా? భూమి పోయినచో మరియొక చోట కొనవచ్చును.

ప్రభుత్వపు నియమములే ఈ విషయమున మనకంటె ఉదారములు. స్త్రీకి 22 ఏండ్లు నిండియుండవలెను. కనీసము ఏడాది దాటిన బిడ్డ యొకటి యుండవలెను. తాత్కాలిక సాధనములను గూర్చి ముందుగా తెలియజెప్పవలెను. అంగీకారము ఆమెది కావలెను, భర్త సంతకము అక్కరలేదు. ఈ కడపటి మాట విని పురుషులు కినుక వహింపనక్కరలేదు. దంపతులు కలిసి యాలోచించుట ధర్మమే. కాని కలిసి యాలోచించుట వేరు, ఒకరికి బదులు మరియొకరు నిశ్చయించుట వేరు.

ఇక పురుషుల మాట. వేసెక్టమీ ట్యూబెక్టమీకంటె సులభమైనది. కడుపు తెరువనక్కరలేదు. ఆ చోట మాత్రము తిమ్మిరి సూది నిచ్చి, కొలది నిమిషములలో ముగింతురు. 1974లో చైనా దేశమున లీ షున్‌చియాంగ్ అను వైద్యుడు కత్తిగాటు లేని పద్ధతిని కనుగొనెను. దానిలో కుట్లును ఉండవు. అయితే మూడు నెలలపాటు వేరు సాధనమును వాడి, పరీక్ష చేయించుకొని, బీజము లేదని తేలినపిదపనే నిశ్చింతగ నుండవలెను. పుంస్త్వము తగ్గదు, బరువులెత్తు శక్తి తగ్గదు. నాగలి పట్టిన చేయి నాగలి పట్టును, మిరప టిక్కీ మోసిన భుజము టిక్కీ మోయును.

పురుషుడు వెనుకకు తగ్గుట మన దేశమున అనాదినుండి వచ్చినది కాదు. 1971 జూలైలో కేరళ రాష్ట్రమున ఎర్నాకుళమునందు ఒక్క నెలలో 60,000కు పైగా పురుషులు స్వయముగా వచ్చి చేయించుకొనిరి. తరువాత 1975-77 నాటి అత్యవసర పరిస్థితిలో బలాత్కారము ప్రవేశించినది. 1976-77 ఒక్క సంవత్సరముననే 82 లక్షలకు మించిన శస్త్రచికిత్సలు జరుగగా, అందు నాలుగింట మూడు వంతులు పురుషులవి. జనులు కోపించిరి, 1977 మార్చిలో ప్రభుత్వము పడిపోయినది. ఆ వెనుక ఏ ప్రభుత్వమును పురుషుని జోలికి పోవుటకు సాహసింపలేదు. లక్ష్యములు మాత్రము పోలేదు. అవి స్త్రీలపైకి మరలినవి. పురుషుడు కోపించినచో ప్రభుత్వములు మారునట! స్త్రీ ఓర్చుకొనును గనుక భారమంతయు ఆమెకే. ఇది న్యాయమా యని మీ మనస్సాక్షినే యడుగుచున్నాము.

ఆ ఓర్పునకు హద్దు లేదని తలంచిన చోట్ల ఏమి జరిగినదో వినుడు. 2012 జనవరి 7వ తేదీ రాత్రి బీహారునందలి అరరియా జిల్లాలో ఒక పాఠశాల గదియందు సుమారు రెండు గంటలలో 53 మంది స్త్రీలకు శస్త్రచికిత్స జరిపిరి. 2014 నవంబరున ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే శిబిరమున ఒక్కదినమున 83 మందికి జరుపగా, ఆ జిల్లాలోని ఆనాటి శిబిరములవలన 13 మంది మరణించిరి. వారందరును బీదయింటి యిల్లాండ్రు, చంటిబిడ్డల తల్లులు. ఈ విషయమై దేవికా బిశ్వాస్ గారు తెచ్చిన వ్యాజ్యమున 2016 సెప్టెంబరు 14వ తేదీ సుప్రీంకోర్టువారు తీర్పుచెప్పుచు, ఇట్టి సామూహిక శిబిరములను మూడేండ్లలో మాన్పవలెననియు, లక్ష్యములు పెట్టరాదనియు ఆజ్ఞాపించిరి. కావున మనవారు చేయించుకొనదలచినచో శుభ్రమైన థియేటరును, మత్తువైద్యమును, రాత్రి చూచుకొను నర్సును గల ఆస్పత్రికే పోవలెను. తిథివార నక్షత్రములను చూచు మనము, నాడు ఎందరికి చేయుచున్నారని యడుగుటయు నేర్వవలెను.

చికిత్స పిదప మాట మరియు ముఖ్యము. రెండు దినముల తరువాత తేలికపాటి పనులే చేయవచ్చును. రెండు వారములకు గాని యథాశక్తి పనులకు పోరాదు. మన సీమలో మిరపకోతలు మొదలైనచో ముఠా కదలును. కూలి పోవునన్న భయమున పదవనాడే వంగి కోయుచున్న తల్లులున్నారు. మిరప బస్తాల నెత్తుటయు, దినమంతయు కూర్చుండి తాలు ఏరుటయు పచ్చిగాయమునకు మంచివి కావు. జ్వరము, గాయము చీముపట్టుట, కడుపుబ్బరము, ఆగని రక్తము, ఇందేదైనను కనబడినచో ఆర్.ఎం.పి. సూదితో సరిపెట్టక ఆపరేషను చేసిన ఆస్పత్రికే తీసికొని పోవలెను. నష్టపరిహారమునకు ప్రభుత్వ పథకము కలదు. అందుకు కాగితములు కావలెను. డిశ్చార్జి చీటిని, ధ్రువపత్రమును పెట్టెలో భద్రపరచుడు.

ఇప్పుడు పైని చెప్పిన నష్టమును గూర్చి. 2015-16 సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి 3. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున నూటికి సుమారు 9. మూడు రెట్లు! మన స్త్రీల గర్భాశయములు దేశపు స్త్రీలకంటె మూడు రెట్లు రోగగ్రస్తములా? కావు. ‘బిడ్డలు కలిగిరి, ఆపరేషనైనది, ఇంక ఆ సంచి యెందుకు?’ అను మాట మనలో పాతుకొన్నది. కొంచెము తెల్లబట్టయైనను, నడుమునొప్పియైనను, నెలసరి యెక్కువైనను, మందుతో మానదగినదానికి సంచినే తీయించుచున్నాము. ‘కేన్సరు కావచ్చును’ అను భయము దీనికి తోడు. సంచితోపాటు అండాశయములను కూడ తీసినచో ముప్పదియైదేండ్లకే ముట్లుడిగి, ఎముకలు పెళుసై, గుండెకును హాని కలుగును. కూలిచేసి బ్రతుకు స్త్రీకి ఎముకయే యాస్తి. ఇట్టి యనవసర శస్త్రచికిత్సలను గూర్చి వచ్చిన వ్యాజ్యమున 2023 ఏప్రిలులో సుప్రీంకోర్టువారు, కేంద్ర ప్రభుత్వపు మార్గదర్శకములను రాష్ట్రములు అమలుపరుపవలెనని తీర్పు చెప్పిరి. తీర్పులు ఢిల్లీలో నుండును. సంచి తీయించు నిర్ణయము మన యింట జరుగును. అందుచే మనమే మేలుకొనవలెను.

కడపటగా నొక మాట. 1994 పంచాయతీరాజ్ చట్టమున ఇద్దరికంటె ఎక్కువ బిడ్డలున్నవారు పోటీకి అనర్హులని నియమించిరి. 2024 నవంబరులో శాసనసభ ఆ నియమమును రద్దుచేసినది. జనాభా తగ్గుచున్నది, ఎక్కువమందిని కనుడని నాయకులు చెప్పసాగిరి. మన సంఘమునను కొందరు ‘మన సంఖ్య తగ్గుచున్నది, మన బలము తగ్గుచున్నది’ అని వగచుచున్నారు. వారి యాందోళనను మేము తేలికగా తీసికొనము. పల్లెలలో వృద్ధులు ఒంటరులగుట మేమును చూచుచున్నాము. అయితే నిన్న ‘చాలించుము’ అన్నవారును, నేడు ‘ఇంకను కనుము’ అన్నవారును, ఆమెను అడిగి చెప్పలేదు. సంఘమునకు బలము తలల లెక్కవలన రాదు. ఆరోగ్యము, చదువు, ఐకమత్యము గల తలలవలన వచ్చును. ఎందరిని కనవలెనో, ఎప్పుడు చాలించవలెనో, ఎట్లు చాలించవలెనో ఆమె తెలిసి, తలచి, భర్తతో కూడి నిర్ణయించుకొనునట్లు చేయుటయే మన పని.

అందుకై ఈ సభవారి యెదుట అయిదు ప్రార్థనల నుంచుచున్నాము. మొదటిది: చదువు ముగియకయే ఆడపిల్లకు పెండ్లి చేయు నింటికి సంఘ పెద్దలు శుభాకాంక్షలకు పోరాదు. రెండవది: ఆపరేషను నిర్ణయము కాన్పు నొప్పుల వేళ గాక నెలలు నిండకమునుపే, ఏ.ఎన్.ఎం. గారియొద్దనో వైద్యురాలియొద్దనో అన్ని సాధనములను తెలిసికొనినపిదప జరుగవలెను. మూడవది: వచ్చే మహాసభలో పురుషులకు మాత్రమే ప్రత్యేక సమావేశమొకటి యేర్పరచి, వైద్యునిచే వేసెక్టమీని గూర్చి చెప్పింపవలెను. నాలుగవది: ఆపరేషను చేయించుకొన్న కూలి కుటుంబపు స్త్రీకి రెండు వారముల కూలిని సంఘనిధి నుండి యీయవలెను, పోషకమహాశయులు వివాహమంటపమునకిచ్చు చందాలో కొంత దీనికి మరల్చినచో ఈ పని కష్టము కాదు. అయిదవది: గర్భసంచి తీయవలెనని యే వైద్యుడు చెప్పినను, గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రిలోనో మంగళగిరి ఎయిమ్స్‌లోనో రెండవ యభిప్రాయము తీసికొననిదే ఒప్పుకొనరాదు, ఆ ప్రయాణమునకు తోడుపోవుటకు ప్రతి గ్రామశాఖలో ఇద్దరు స్త్రీలను నియమింపవలెను.

ఇవి చట్టములు కావు, కట్టుబాట్లు. మన సంఘము పుట్టినది ఇట్టి కట్టుబాట్ల కొరకే.  ఈ అయిదింటిలో ఏదైనను సరికాదనువారు ఇప్పుడే లేచి చెప్పవలెను. సరియైనచో తీర్మానముగా చేసి, వచ్చే సంవత్సరపు నివేదికలో ఎంతవరకు జరిగినదో లెక్క చూపవలెనని కార్యవర్గమువారిని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.